టపాలు సాఫ్ట్‌వేరూ, పన్నెండో నంబరు సవరణా

‘రిసీవ్డ్’ అనే ఇంగ్లీషు మాటలో ‘ఈ’ ముందా ‘ఐ’ ముందా అన్నది నాకు చిన్నప్పటినుంచీ తేలలేదు. మదనపల్లెలో మా ఇంగ్లీషు అయ్యవారు ఎన్నిసార్లు గోడకుర్చీ వేయించినా తేలలేదు. ఆ తప్పే పెద్దయ్యాక నాకు సాక్ష్యంగా పనికొచ్చింది. సాక్ష్యం గట్టిదే. దాన్ని చేత్తో పట్టుకుని నేను చూపించిన మనిషే తప్పు.

2002లో బెంగళూరు రాజాజీనగర్‌లో మాకు రెండు గదుల ఆఫీసు ఉండేది. కింద చపాతీలు ఒత్తి హోటళ్ళకు వేసే కుటుంబం. మధ్యాహ్నం మూడింటికి పెనం వాసన మెట్లెక్కి వచ్చి మా కీబోర్డుల మీద కూర్చునేది. నేను, ఇద్దరు కుర్రాళ్ళు, మూడు కంప్యూటర్లు. ఫాక్స్‌ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో నగల కొట్లకు, చీటీల కంపెనీలకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసి బతికేవాళ్ళం. ఊరంతా అమెరికా ప్రాజెక్టుల గురించి మాట్లాడుకుంటుంటే మేము తరుగు, మజూరీ లెక్కల్లో దశాంశాలు సరిచూసుకునేవాళ్ళం.

ఎస్పీ రోడ్డులో ఒక హార్డ్‌వేర్ కొట్టాయన ఉండేవాడు. (సాదర్ పత్రప్ప రోడ్డు అని పూర్తి పేరు చెబితే ఆటో అతను కూడా ఎక్కడది అంటాడు.) ఆయనది పుంగనూరు. మా ఊరికి గంట ప్రయాణం. బెంగళూరులో ఆ గంట దూరం చుట్టరికం కింద లెక్క, అందుకని అన్నా అని పిలిచేవాణ్ణి. పాత మానిటర్ ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం, పాడైన ర్యామ్ మార్చుకోవడం, డబ్బుల్లేనప్పుడు అరువు పెట్టడం అన్నీ ఆయన దగ్గరే. ఆఫీసు మొదలెట్టినప్పుడు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కూడా అరువుకే ఇచ్చాడు. ‘‘రన్నింగ్ అయినప్పుడు ఇద్దువులే’’ అన్నాడు.

ఆ అన్నే నన్ను ఒక ప్రభుత్వ ఆఫీసుకు తీసుకెళ్ళాడు. ఏ శాఖో చెప్పను. అక్కడికి కంప్యూటర్లు వేసింది ఆయన. వేశాక వాటి మీద ఉద్యోగులు సాలిటేర్ ఆడుతున్నారని పై అధికారికి కోపం వచ్చి, ఏదైనా పనికొచ్చే ప్రోగ్రాం వేయించమన్నాడట. అక్కడ పెద్ద తలనొప్పి టపాలు. రోజూ వచ్చే అర్జీలు, ఉత్తరాలు, పై ఆఫీసు నుంచి వచ్చే మెమోలు లావుపాటి రిజిస్టరులో ఎక్కేవి. ఆ తర్వాత ఏ కాగితం ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి. నేను రాసిందల్లా ఇంతే. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు, అది ఏ సెక్షన్‌కు పోయింది, ఫైళ్ళు చూసే ఏ కేస్‌వర్కర్ బల్ల మీద ఉంది, ఎన్ని రోజులుగా ఉంది. ఆ చివరి గడి అంటే అక్కడ ఎవరికీ పడేది కాదు. ‘‘సార్, ఆ రోజుల లెక్క తీసేయొచ్చా?’’ అని నన్ను మూడు సెక్షన్ల వాళ్ళు విడివిడిగా టీకి పిలిచి అడిగారు.

మాట్లాడుకున్నది లక్షా ఎనభై ఐదు వేలు. మొదటి రెండు విడతలు వచ్చాయి. చివరి అరవై వేలకు తిరుగుడు మొదలైంది. తొంభైల్లో ఈ ఊళ్ళో ఒక దయ్యం పుకారు నడిచింది గుర్తుందా? రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు కొడుతుందని, గోడ మీద ‘నాళె బా’ అని రాసిపెడితే చదివి వెళ్ళిపోతుందని, మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత కనిపిస్తుందని. నాళె బా అంటే రేపు రా అని. ఆ ఆఫీసులో నా బిల్లు చూసే ఆయన కొంచెం మర్యాదస్తుడు కాబట్టి ‘నాళె బన్ని’ అనేవాడు. ఆ దయ్యానికున్నంత బుద్ధి నాకూ ఉండేది. రోజూ చదివి వెనక్కొచ్చేవాణ్ణి.

ఒకరోజు పై అధికారి నన్ను కూర్చోబెట్టి, సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము అసలు రాత, ఇచ్చేయమన్నాడు. ‘‘మీది చిన్న కంపెనీ. రేపు మూసేసి ఊరికి పోతే మా ఆఫీసు గతేంటి?’’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పైగా బిల్లు ఆయన బల్ల మీదే ఉంది. మర్నాడే సీడీ రాసి, పైన ఒక కవరింగ్ లెటర్ పెట్టి, టపాలు సెక్షన్‌లో ఇచ్చి నంబరు వేయించుకున్నాను. నా సాఫ్ట్‌వేర్‌లోనే నా సీడీకి నంబరు పడింది. అరవై వేలు రాలేదు.

రెండేళ్ళ తర్వాత, మా చిన్నాన్న పొలం కాగితాల పని మీద వేరే ఊళ్ళో వేరే ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి మానిటర్ కాస్త నా వైపు తిరిగి ఉంది. నీలం తెర. పైన ఎవరిదో కంపెనీ పేరు, కొత్త లోగో. కింద మూడో గడికి పైన ‘రిసీవ్డ్ ఆన్’ అని ఇంగ్లీషులో ఉంది, ‘ఐ’ ముందు, ‘ఈ’ తర్వాత. ఆ అమ్మాయి రసీదు కోసం ఎఫ్7 నొక్కింది. ఎవరైనా ప్రింటుకు ఎఫ్7 పెడతారా? మా ఆఫీసులో ఒక కీబోర్డుకు మిగతా ఎఫ్ మీటలు చెడిపోయి నేను పెట్టాను. రసీదు తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చిన్నాన్న, పొలం తనఖాలో ఉందేమో అనుకుని ఆయనా దిగులుగా పక్కన కూర్చున్నాడు.

దొంగ ఎవరో కనిపెట్టడానికి నాకు ఆ మెట్లు దిగేంతసేపు కూడా పట్టలేదు. అక్కడి సీపీయూ మీద ఎస్పీ రోడ్డు కొట్టు స్టిక్కర్ ఉంది. అన్న కొట్టే. ఇక్కడా ఆయనే కంప్యూటర్లు వేశాడు, అక్కడా ఆయనే వేశాడు. మధ్యలో నా ప్రోగ్రాం నడుచుకుంటూ వెళ్ళిందా మరి?

ఆయన్ని అడగలేదు. అదే నేను చేసిన పని. అడగకుండా అందరికీ చెప్పాను. ఉగాదికి కలిసినవాళ్ళకు చెప్పాను, ఎస్పీ రోడ్డులో పక్క కొట్ల వాళ్ళకు చెప్పాను. చివరికి మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళిలో, పంక్తిలో కూర్చుని, పక్కనున్న బావకు కాస్త గట్టిగానే చెప్పాను. వెనక పంక్తిలో అన్న ఉన్నాడు. నాకు తెలియదు అని ఇన్నాళ్ళూ అంటూ వచ్చాను, తెలుసేమో కూడా. ఆయన మజ్జిగ పోసుకోకుండానే ఆకు మడిచి లేచాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. ‘‘ఆ ఫాక్స్‌ప్రో ఎక్కడిదో అది కూడా రాయి’’ అంటుంది. మెజెస్టిక్ దగ్గర ప్లాస్టిక్ కవర్లో వంద రూపాయలకు కొన్న సీడీ అది. విండోస్ కూడా అలాంటిదే. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో, తర్వాత చేర్చిన 63బి అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. దొంగ సీడీ మీద రాసిన ప్రోగ్రామును దొంగిలించారని నేను ఊరంతా ఏడ్చాను. అప్పట్లో ఇందులో నవ్వొచ్చేదేమీ నాకు కనిపించలేదు.

ఇక అమెరికా సంగతి. 2020 లాక్‌డౌన్‌లో, వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. అమెరికా ప్రభుత్వం ఒక చిన్న కంపెనీ సాఫ్ట్‌వేర్ దొంగిలించిందని, అధ్యక్షుడు రీగన్ స్నేహితుడైన ఒక వ్యాపారవేత్త దాన్ని దేశదేశాలకు అమ్మాడని, అందులో రహస్యంగా తొంగిచూడ్డానికి గూఢచారులు దొంగతలుపు పెట్టారని. ‘‘మామా, నీ కథే ఇది’’ అని కింద రాశాడు. వీడియోలో సంగీతమే ఎక్కువ. కానీ అది ఏ సాఫ్ట్‌వేరో చెప్పినచోట నేను ఆపి వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ప్రాసిక్యూటర్ల దగ్గరున్న కేసులు ఎక్కడిదాకా వచ్చాయి, ఏ సాక్షి ఎప్పుడు రావాలి, ఏ ఫైలు ఎవరి దగ్గర ఉంది అని చూసుకునే ప్రోగ్రాం. టపాలు! నా టపాలే, కాస్త పెద్ద ఎత్తున.

ఇంట్లోంచి కదిలే వీల్లేదు కాబట్టి నెల రోజులు అదే పనిగా చదివాను. అమెరికా పార్లమెంటు కమిటీ 1992లో ఇచ్చిన నివేదిక, దానికి పూర్తి విరుద్ధంగా మరుసటి ఏడు ఒక రిటైర్డ్ జడ్జి ఇచ్చిన నివేదిక, కోర్టు తీర్పులు. అర్థమైనంత వరకు కథ ఇదీ.

విలియం హామిల్టన్, ఆయన భార్య నాన్సీ నడిపిన సంస్థ పేరు ఇన్‌స్లా. వాషింగ్టన్‌లో. ప్రోగ్రాం పేరు ప్రామిస్. డెబ్బైల్లో ఇన్‌స్లా లాభాపేక్ష లేని సంస్థ, ప్రభుత్వ గ్రాంట్లతో ప్రామిస్‌ను తయారుచేసింది. ఆ డబ్బుతో తయారైంది కాబట్టి ఆ పాత ప్రామిస్ అందరిదీ. తర్వాత గ్రాంట్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థ మూతపడే దశకు రావడంతో, 1981లో హామిల్టన్ ఇన్‌స్లాను మామూలు కంపెనీగా మార్చాడు. సొంత డబ్బు పెట్టి ప్రామిస్‌ను బాగా మెరుగుపరిచామని, ఆ మెరుగులు మావేనని ఆయన వాదన. 1982 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఇన్‌స్లాకు మూడేళ్ళ కాంట్రాక్టు ఇచ్చింది. విలువ దాదాపు కోటి డాలర్లు. దేశంలోని 94 ప్రాసిక్యూటర్ ఆఫీసులకు కేసుల లెక్క ఏర్పాటు చేయాలి.

ఆఫీసుల్లో ఇంకా కంప్యూటర్లు రాలేదు. అందుకని ఇన్‌స్లా తన దగ్గరున్న వ్యాక్స్ కంప్యూటర్ మీదే ఆ పని నడిపింది. అప్పుడు న్యాయశాఖ వాళ్ళు అన్నారు కదా: మీ కంపెనీ ఆర్థికంగా బాగాలేదట, రేపు మూతపడితే మా గతేంటి, సాఫ్ట్‌వేర్ అంతా మాకు ఇచ్చేయండి!

ఆ వాక్యం దగ్గర కుర్చీలోంచి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. ఎక్కడి వాషింగ్టన్, ఎక్కడి రాజాజీనగర్. అధికారి మాట మాత్రం ఒకే అచ్చు.

హామిల్టన్ నాలాగా కవరింగ్ లెటర్ రాసి ఊరుకోలేదు. బేరమాడాడు. 1983 ఏప్రిల్‌లో కాంట్రాక్టుకు పన్నెండో నంబరు సవరణ మీద సంతకాలయ్యాయి. దాని సారం ఇది. మెరుగుపరిచిన ప్రామిస్‌ను ఇన్‌స్లా ఇస్తుంది. అందులో ఏవి తమ సొంత డబ్బుతో చేసినవో తేలేదాకా న్యాయశాఖ ఆ 94 ఆఫీసులు దాటి ఎక్కడికీ పంపకూడదు. మరి ‘తేలడం’ అంటే ఏమిటి, ఎవరు తేల్చాలి, ఏ కాగితం చూపిస్తే తేలినట్టు? అది సవరణలో లేదు. ఇన్‌స్లా ఏదో పద్ధతి చూపిస్తే చాలదన్నారు, ఏ పద్ధతైతే చాలునో చెప్పలేదు. నాళె బన్ని. ఈలోగా బిల్లుల్లో కోతలు. 1985 ఫిబ్రవరికి 17 లక్షల డాలర్ల పైచిలుకు ఆగిపోయి ఉంది. ఆ నెలే ఇన్‌స్లా దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది.

ప్రాజెక్టును చూసే న్యాయశాఖ అధికారి బ్రూవర్ ఒకప్పుడు హామిల్టన్ దగ్గరే లాయరుగా పనిచేసినవాడు. అక్కడి నుంచి సంతోషంగా వెళ్ళలేదని హామిల్టన్ మాట. ఇలాంటిది వింటే మన ఊరి రచ్చబండ మీద కూర్చున్న ఏ పెద్దాయనైనా ‘ఇంకేం, అర్థమైంది’ అంటాడు. 1987లో దివాలా కోర్టు జడ్జి జార్జ్ బేసన్ కూడా దాదాపు అదే అన్నాడు. న్యాయశాఖ మాయమాటలతో, మోసంతో ఆ సాఫ్ట్‌వేర్‌ను దొంగిలించిందని తీర్పు చెప్పాడు. పరిహారం సుమారు 68 లక్షల డాలర్లు. కొన్ని నెలలకే ఆయన పదవీకాలం పొడిగించలేదు. ఆయన కుర్చీలోకి వచ్చినాయన అంతకుముందు న్యాయశాఖ లాయరు, ఈ కేసులోనే వాళ్ళ తరఫున పనిచేసినవాడు. 1989లో పై కోర్టు జడ్జి విలియం బ్రయంట్ బేసన్ తీర్పు సరైందే అన్నాడు. 1991 మేలో అప్పీలు కోర్టు రెండింటినీ కొట్టేసింది. దొంగతనం జరగలేదని కాదు, ఇది దివాలా కోర్టు తేల్చాల్సిన విషయమే కాదని.

ఇంతలో ఆ వ్యాపారవేత్త కథలోకి వస్తాడు. పేరు ఎర్ల్ బ్రయన్. నిజానికి డాక్టరు. వియత్నాం యుద్ధంలో పనిచేశాడు. రీగన్ కాలిఫోర్నియా గవర్నరుగా ఉన్నప్పుడు ఆయన ప్రభుత్వంలో ఆరోగ్య, సంక్షేమ శాఖ చూశాడు. 1974లో సెనేట్ టికెట్ కోసం పోటీపడి ఓడిపోయాడు. తర్వాత వ్యాపారం. బయోటెక్ క్యాపిటల్ అని ఒకటి, అదే తర్వాత ఇన్ఫోటెక్నాలజీ అయింది. ఫైనాన్షియల్ న్యూస్ నెట్‌వర్క్ అనే టీవీ ఛానల్, కొన్నాళ్ళకు యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ (యూపీఐ) అనే వార్తాసంస్థ కూడా ఆయన చేతికి వచ్చాయి. ఈ బయోటెక్ క్యాపిటల్‌లో షేర్లు కొన్నవాళ్ళలో ఒకరు ఎడ్విన్ మీస్ భార్య. మీస్ అంటే రీగన్ సలహాదారు, 1985లో న్యాయశాఖకే పెద్ద. బ్రయన్ చేతికింద ఉందని చెప్పే హాడ్రన్ అనే కంపెనీ పెద్ద 1983లో ఫోన్ చేసి ఇన్‌స్లాను కొంటామన్నాడని, వద్దంటే అమ్మించే దారులు మాకున్నాయని బెదిరించాడని హామిల్టన్ చెప్పాడు. అవతలాయన అలా అనలేదన్నాడు.

చూశారా, సీపీయూ మీద స్టిక్కర్.

ఆ తర్వాత సాక్షులు పుట్టుకొచ్చారు. మైకేల్ రికొనోషూటో అనే ఆయన 1991 మార్చిలో ప్రమాణపత్రం రాసిచ్చాడు. బ్రయన్ తెచ్చిన ప్రామిస్‌కు కాలిఫోర్నియాలోని కబజాన్ ఆదివాసుల రిజర్వేషన్‌లో తానే మార్పులు చేశానని. ఎనిమిది రోజులకే మాదకద్రవ్యాల కేసులో అరెస్టయ్యాడు. కుట్ర అని సగంమంది, మొదటినుంచీ నమ్మదగ్గ మనిషి కాదని సగంమంది. ఇజ్రాయెల్ నిఘా సంస్థలో పనిచేశానని చెప్పే బెన్-మెనాషే ఇంకొన్ని దేశాల పేర్లు చేర్చాడు. అదే ఏడు ఆగస్టులో దీన్ని తవ్వుతున్న డానీ కాసొలారో అనే విలేకరి వెస్ట్ వర్జీనియాలో ఒక హోటల్ స్నానాల గదిలో చనిపోయి కనిపించాడు. ఆత్మహత్య అని అధికారులు తేల్చారు, ఇంట్లోవాళ్ళు నమ్మలేదు. నా మేనల్లుడి వీడియో మొత్తం ఇక్కడే తిరుగుతుంది. పన్నెండో సవరణ అందులో పది సెకన్లు కూడా లేదు. కాంట్రాక్టు కాగితానికి సంగీతం ఎలా వేస్తారు పాపం.

బ్రయన్ మాత్రం మొదటినుంచీ ఒకటే మాట, ప్రామిస్‌తో నాకు సంబంధం లేదని. పార్లమెంటు కమిటీ 1992లో దొంగతనానికి గట్టి ఆధారాలే కనిపిస్తున్నాయని, స్వతంత్ర విచారణ జరగాలని అంది. న్యాయశాఖ నియమించిన రిటైర్డ్ జడ్జి నికొలస్ బువా 1993లో, బ్రయన్ మీద ఆరోపణలకు నమ్మదగ్గ ఆధారం లేదన్నాడు. ప్రభుత్వం మారి డెమోక్రాట్లు వచ్చాక 1994లో మళ్ళీ చూశారు, మళ్ళీ అదే మాట. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది, ఎఫ్‌బీఐ వాడే ప్రోగ్రాం ప్రామిసే అన్న ఆరోపణ తేల్చడానికి ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ ఒకాయన్ని కూర్చోబెట్టి రెండు కోడ్‌లూ పోల్చి చూడమనడం. ఒకటి కాదని ఆయన తేల్చాడు. పోల్చడం! నాకెందుకు తట్టలేదు?

కెనడా సంగతి ఇంకా చిత్రం. మేం ప్రామిస్ వాడుతున్నాం అని కెనడా ప్రభుత్వంవాళ్ళే ఇన్‌స్లాతో అన్నారు. దొరికిపోయారు అనుకున్నారంతా. తీరా చూస్తే అది ప్రాజెక్టుల లెక్కలు చూసుకునే ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్, పేరు పొడి అక్షరాలు కలిసి ప్రామిస్ అయ్యాయి, అంతే.

బ్రయన్ చివరికి జైలుకు వెళ్ళాడు. 1996లో లాస్ ఏంజిలిస్‌లో జ్యూరీ ఆయన్ని దోషి అంది. కానీ కేసు ప్రామిస్ కాదు, తన కంపెనీల లెక్కలు ఉబ్బించి బ్యాంకులను, ఆడిటర్లను మోసం చేశాడని. నాలుగేళ్ళకు పైగా శిక్ష పడింది. ‘చూశారా, దొంగే’ అన్నవాళ్ళు చాలామంది. నేనైతే ఆ పేజీ దగ్గర కాసేపు ఇబ్బందిగా కూర్చున్నాను. లెక్కల మోసంలో దొరికినవాడు సాఫ్ట్‌వేర్ కూడా దొంగిలించి ఉంటాడు అనుకోవడం ఎంత సులువో. అన్న మీద నాకు అనుమానం అంత తొందరగా ఎందుకు కుదిరింది? ఎస్పీ రోడ్డులో కొట్టు కాబట్టి, బిల్లు లేకుండా అమ్ముతాడు కాబట్టి, ఒకసారి నాకు వాడిన హార్డ్ డిస్క్‌ను కొత్తదని అంటగట్టాడు కాబట్టి. ఆ హార్డ్ డిస్క్ సంగతి నిజమే, ఇప్పటికీ కోపమే. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఇన్‌స్లాకు చివరికి ఏమీ రాలేదు. పార్లమెంటు ఆ వివాదాన్ని ఇంకో ప్రత్యేక కోర్టుకు పంపితే, 1997లో అక్కడి జడ్జి కంపెనీ వాదనలో బలం లేదంది. అధ్యక్షుడు నిక్సన్ చెప్పిన పని చేయనని 1973లో న్యాయశాఖ పెద్ద పదవే వదులుకున్న ఎలియట్ రిచర్డ్‌సన్ అంతటి లాయరు వెనకున్నా ఫలితం అదే. న్యాయశాఖ మరీ అంత శుద్ధమైనదని నేననుకోను. బిల్లులు ఆపడం, తేల్చకుండా నాన్చడం, అడిగినవాడికి కుర్చీ లేకుండా చేయడం, ఇవి ఏ ప్రభుత్వానికైనా గూఢచారుల సాయం లేకుండానే వచ్చు.

నా కవరింగ్ లెటర్ సంగతి చెప్పలేదు. ఈ ఏడు దసరాకు అటక దులుపుతుంటే పాత ఫైళ్ళ పెట్టె కిందికొచ్చింది. ఎలుకలు ఒక మూల తిన్నాయి గానీ ఉత్తరం నకలు బాగానే ఉంది, టపాలు నంబరుతో సహా. నేను రాసిన వాక్యం ఇది: ‘ఈ సాఫ్ట్‌వేర్‌ను, సోర్స్ కోడ్‌ను శాఖవారు తమ అవసరాలకు తగినట్టు మార్చుకుని వాడుకోవచ్చు.’ కింద నా సంతకం. శాఖవారు అంటే ఎవరు? నా మనసులో ఆ ఒక్క ఆఫీసు. కాగితం మీద రాష్ట్రమంతా. ఆ రెండో ఊరి ఆఫీసు కూడా అదే శాఖదని మీకు చెప్పానా? చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు మరి.

హైకోర్టులో ప్రాక్టీసు చేసే మా తోడల్లుడికి చూపించాను. ఆయన నవ్వి, ‘‘ఈ ఉత్తరం లేకపోయినా నీ పని కష్టమే’’ అన్నాడు. ప్రభుత్వం చెప్పగా, దాని అజమాయిషీలో తయారైన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ప్రభుత్వమేనని అదే 1957 చట్టం 17వ సెక్షన్‌లో ఉందట. నీ పని ఆ కిందికి వస్తుందా రాదా అని కోర్టులో పదేళ్ళు వాదించుకోవచ్చు, అన్నాడు. విధానసౌధ మీద ‘సర్కారద కెలస దేవర కెలస’ అని రాసి ఉంటుంది కదా, ప్రభుత్వం పని దేవుడి పని అని. దేవుడికి ఇచ్చింది వెనక్కి అడగకూడదు.

శాఖే ఆ సీడీని ఇంకో కంపెనీకి ఇచ్చి, పైన లోగో మార్పించి, మిగతా ఆఫీసుల్లో వేయించింది. ఇది ఊహ కాదు. ఆ రోజుల్లో అక్కడ కేస్‌వర్కర్‌గా చేసి రిటైరైన ఒకాయన్ని యశవంతపురలో పట్టుకుని అడిగితే, ఇందులో దాపరికమేముంది అన్నట్టు చెప్పాడు. ‘‘ఆర్డరే వచ్చింది కదప్పా. మీ లెటర్ కూడా జత చేశాం.’’ హార్డ్‌వేర్ కొట్టాయనకు ఇందులో పాత్ర ఏమైనా ఉందా అన్నాను. ‘‘ఆయనకేం తెలుసు? పాపం, మానిటర్ల బిల్లు కోసం మీతోపాటే బెంచీ మీద కూర్చునేవాడు కదా’’ అన్నాడు.

కూర్చునేవాడు. ఆ బెంచీ నాకు బాగా గుర్తు. ఒక కాలు పొట్టి, అటు ఆయన లేస్తే ఇటు నేను ఒరిగేవాణ్ణి.

అన్న కొట్టు తీసేసి చాలా ఏళ్ళైంది. హొసకోటెలో కొడుకు దగ్గర ఉంటున్నాడని విని, నంబరు సంపాదించి, రెండు రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగి, మూడో రోజు చేశాను. పేరు చెప్పగానే ఊఁ అన్నాడు. ఉత్తరం సంగతి, రెండో ఆఫీసు సంగతి, యశవంతపుర ఆయన సంగతి అన్నీ గడగడా చెప్పేశాను. పెళ్ళిలో నేను అన్న మాట కూడా చెప్పాను. తప్పైపోయిందన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. వెనక ఎవరో చిన్నపిల్ల ఎక్కాలు చదువుతోంది.

‘‘ఒక కాగితం చదువుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు?’’ అన్నాడు. నేనేదో అనబోయాను. ‘‘అది సరేలే. ఆ ప్రింటర్ డబ్బులు?’’

ఏ ప్రింటర్ అని అడగబోయి ఆగాను. ఆ డాట్ మ్యాట్రిక్స్. పెళ్ళి తర్వాత ఇవ్వడం మానేశాను. దొంగకు డబ్బులివ్వడమేంటి అనుకున్నాను.

‘‘ఎంత అన్నా?’’

‘‘తొమ్మిదివేల ఐదొందలు’’ అన్నాడు, ఆలోచించకుండా.